పెద్దకూతురి పిలుపు

హెడ్‌మాస్టరు ఇలోజువే గారికి పక్షవాతం వచ్చినప్పుడు కాలు పోలేదు, చెయ్యి పోలేదు, ఇంగ్లీషు పోయింది.

ఉమువాబో ఊళ్ళో ముందు ఎవరూ నమ్మలేదు. నలభై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. బిషప్పుగారి ప్రసంగంలో తప్పులు ఏరి కాగితం మీద రాసి పంపిన మనిషి. అలాంటివాడు ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి డాక్టరుతో మాట్లాడబోతే నోట్లోంచి ఒక్క ఇంగ్లీషు ముక్క ఊడిపడలేదు. వచ్చిందంతా ఊరి భాష ఇగ్బో. అదీ బస్తీల ఇగ్బో కాదు, వాళ్ళమ్మ పొయ్యి ముందు కూర్చుని మాట్లాడిన పాతకాలపు ఇగ్బో. కొందరికి ఇలాగే అవుతుందని, తర్వాత నేర్చుకున్నది ముందు పోతుందని డాక్టరు చెప్పాడు. హెడ్‌మాస్టరు చెల్లెలు ఉదేగో ఆ మాట విని, "ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా" అంది. అని, చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సరే, మనిషి దక్కాడు, ఏదో ఒక మాట ఉంది, ఇంకేం కావాలి అంటారా? అక్కడే ఉంది చిక్కంతా. ఆయనకి ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురికి ఇగ్బో రాదు.

రాకపోవడం ఆమె తప్పు కాదు. ఒగుగువా అని తల్లి పేరు పెడితే, తండ్రి బడి రిజిస్టరులో డోరతీ అని రాసి ఇంట్లోనూ అదే ఖాయం చేశాడు. తన గడప లోపల ఊరి భాష వినపడకూడదన్నాడు. పిల్ల పొరపాటున ఒక ఇగ్బో మాట అంటే, దాన్ని ఇంగ్లీషులో యాభైసార్లు పలక మీద రాసేదాకా తిండి లేదు. తల్లి తొందరగా పోయింది. మేనత్త ఉదేగో పిల్లని చూడ్డానికొస్తే, "దాంతో నీ భాష మాట్లాడి దాని నాలుక పాడుచెయ్యకు" అని ముఖం మీదే అనేవాడు. ఇంగ్లీషు రాని ఉదేగో ఏం చేస్తుంది? కాల్చిన పెండలం ముక్క ఎర్రనూనెలో ముంచి తెచ్చి, వంటపాక వెనక మేనకోడలి నోట్లో పెట్టి, తల నిమిరి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయేది. సొంత చెల్లెల్ని మూగదాన్ని చేశాడు మహానుభావుడు. చెడ్డవాడని కాదు. కూతురు దొరల కుర్చీలో కూర్చోవాలని ఆశ. కూర్చుంది కూడా. లాగోస్‌లో బీమా ఆఫీసు, పదో అంతస్తు, చల్లటి గది. అక్కడి నుంచి ప్రతి ఆదివారం తండ్రికి ఫోను చేసేది.

పక్షవాతం తర్వాత ఆ ఫోన్లు నరకమైపోయాయి. ఆయన పది నిమిషాలు ఏకబిగిన మాట్లాడేవాడు. ఆ గొంతు బతిమాలేది, కోప్పడేది, ఒక్కోసారి వణికేది. ఈమె ఇవతల "యెస్ డాడీ, యెస్ డాడీ" అనేది. చివర్న పక్కింటి కోడలు ఉకమాకా, కాస్త ఇంగ్లీషు వచ్చిన పిల్ల, ఫోను తీసుకుని అదంతా విడమరిచి చెప్పేది.

"బాగానే ఉన్నానంటున్నారు ఆంటీ."

"అంతేనా? అంతసేపు మాట్లాడారే!"

"అంతే ఆంటీ. ఇంకేవో పాత మాటలు. నాకూ సరిగ్గా తెలీవు."

ఫోను పెట్టేసి ఒగుగువా వంటగదిలో గోడకి చేరబడి ఏడ్చేది. కన్నతండ్రి మాట ఇంకొకరు పొట్టు తీసి చేతిలో పెడితే తప్ప తనకి దక్కదు, పెట్టినా గుప్పెడు కూడా ఉండదు. ఆమెకి కావలసింది ఒక్కటే. నాన్న మంచం పక్కన కూర్చోవాలి. మధ్యలో ఎవరూ ఉండకూడదు. ఆయన ఒక మాటంటే తను జవాబు చెప్పాలి. ఒక్క పూట చాలు. అంతకంటే ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

నలభై ఎనిమిదేళ్ళకి ఇగ్బో చదువు మొదలెట్టింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఆఫీసులో నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ అనుకుని ఒయింగ్బో సంతలో ఎండురొయ్యలు అమ్మే కవలలమ్మ దగ్గర కుదురుకుంది. రోజూ సాయంత్రం ఆఫీసు బట్టలతోనే రొయ్యల బుట్టల మధ్య పీట వేసుకుని కూర్చునేది. కవలలమ్మ ఒక చేత్తో తూకం వేస్తూ, కొనేవాళ్ళతో పోట్లాడుతూ, ఆ సందులోనే పాఠం చెప్పేది. చీవాట్లు కూడా ఆ సందులోనే పెట్టేది.

"మళ్ళీ దించావు! చివర దించకమ్మా నీకు పుణ్యముంటుంది. 'ఇకే' అని నిలబెట్టి అంటే బలం. చివర జారవిడిచావంటే పిర్రలు. మీ నాన్నని పిర్రలెలా ఉన్నాయని అడుగుతావా ఏంటి?"

సరిగ్గా అదే అడిగింది. ఆ ఆదివారం ఎవరి సాయం లేకుండా, "నాన్నా, నీ బలం ఎలా ఉంది" అనబోయి కంగారులో చివర జారవిడిచింది. అవతల హెడ్‌మాస్టరు నవ్వాడు. దగ్గు వచ్చేదాకా, ఉదేగో పరిగెత్తుకొచ్చి నీళ్ళు పట్టేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, "కూర్చుని కూర్చుని నొప్పెడుతున్నాయే తల్లీ" అన్నాడు. ఆ మాట ఆమెకి అర్థమైంది. బుద్ధెరిగాక తండ్రి ఇగ్బోలో అన్న మాట తనంతట తనకి అర్థం కావడం అదే మొదలు. ఆ రాత్రి ఆమెకి సంతోషంతో నిద్ర పట్టలేదు.

దాంతో ధైర్యం వచ్చేసింది. "ఇక ఉకమాకా వద్దత్తా. నువ్వే మాట్లాడు. ఇగ్బోలోనే మాట్లాడు, నాకు తెలుస్తుంది" అంది ఉదేగోతో. ఉదేగో సంబరం చెప్పనలవి కాదు. నలభై ఏళ్ళు దాచుకున్న మాటలన్నీ కోడి గుడ్లు పెట్టిన సంగతితో సహా ఫోనులో చెప్పుకునేది. ఒగుగువా అందులో సగం పట్టుకునేది, సగం వదిలేసేది. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి నెల్లాళ్ళు సెలవు పెట్టింది, నాన్న దగ్గర ఉండడానికి. ఇంతలో ఆయనకి ఛాతీలో నెమ్ము చేరి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాడు. నెమ్మే కదా, నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు.

గురువారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోను మోగింది. ఉదేగో.

"తల్లీ, కూర్చున్నావా?"

"కూర్చున్నానత్తా. చెప్పు."

"మీ నాన్న ఇంటికెళ్ళిపోయాడు తల్లీ."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హెడ్‌మాస్టరులా బిరుదు పుచ్చుకుని ఎర్రటోపీ పెట్టుకున్న పెద్దమనిషిని మా వైపు ఎవరూ చచ్చిపోయాడనరు. అన్న నోరు కడుక్కోవాలి. ఇంటికెళ్ళిపోయాడంటారు. మా పిల్లకాయలకైనా ఆ మాట ఆ గొంతుతో వింటే గుండె ఝల్లుమంటుంది. కవలలమ్మ ఆమెకి బలం నేర్పింది, ఉప్పు, చేప, ఇల్లు, రావడం, వెళ్ళడం అన్నీ నేర్పింది. చావు నేర్పలేదు. దీపాలు పెట్టే వేళ సంతలో ఆ మాట ఎవరు ఎత్తుతారు?

ఒగుగువాకి ప్రతి ముక్కా అర్థమైంది. నాన్న. ఇల్లు. వెళ్ళిపోయాడు. ఎవరినీ అడక్కుండా అర్థమైంది. పట్టలేని ఆనందంతో అరిచింది.

"మంచిది! చాలా మంచిది అత్తా! దేవుడికి దండాలు! ఏం తిన్నాడు?"

ఉదేగో చుట్టూ బంధుజనం ఉన్నారు, ఫోను అందరికీ వినపడేలా పెట్టి ఉంది. తండ్రి పోయాడంటే కూతురు మంచిదనడం ఇరవై మంది విన్నారు. ఎవరో చెయ్యి చాపి ఫోను నొక్కేశారు. ఊరి ఫోన్లు ఇంతే, ఎప్పుడూ మధ్యలో పోతాయి అనుకుంది ఒగుగువా. మళ్ళీ చెయ్యలేదు. చెప్పకుండా వెళ్ళి నాన్న ముందు నిలబడాలనుకుంది.

ఊరికి దగ్గర్లో విమానం దిగే అసాబాకి మధ్యాహ్నం విమానంలో చోటు దొరికింది. వెళ్ళేలోపు మెత్తటి రొట్టెలు రెండు కొంది, మంచి ఎండుచేప కొంది, నాన్న కింద వేసుకుని కూర్చోవడానికి దూది మెత్త ఒకటి కొంది. ఆ మెత్త కొంటూ తనలో తనే నవ్వుకుంది. విమానం దిగి టాక్సీ ఎక్కి, నైజరు వంతెన దాటుతుండగా డ్రైవరుతో ఇగ్బోలో, "మా నాన్న ఇంటికెళ్ళిపోయాడు" అని గర్వంగా చెప్పింది. అతను అద్దంలోంచి ఆమె నవ్వుముఖం చూశాడు. పాపం, ఏమనాలో తోచలేదు. "బలం పట్టుకో అమ్మా" అన్నాడు. పరామర్శకి అందరం అనే మాటే అది. అందులో బలం అన్న ముక్క ఆమె గుర్తుపట్టింది. నాన్నకి బలం రావాలని దీవించాడనుకుని అతనికి దండం పెట్టింది.

మూడున్నరకి ఇంటి ముందు దిగింది. వాకిలి నిండా జనం. ఒక్కరూ ఏడవడం లేదు. పెద్దకూతురు, ఒక్కతే అయినా ఆమే పెద్దకూతురు, వచ్చి పోయిన తండ్రిని పిలిచేదాకా ఏ గొంతూ లేవకూడదు మా ఊళ్ళో, అదే ఆమె కొంప ముంచింది. ఒక్క ఏడుపు చెవిన పడినా తెలుసుకునేది కదా! నాన్న తేరుకున్నాడని పలకరించడానికొచ్చారనుకుంది పిచ్చితల్లి. చంకలో మెత్త, చేతిలో రొట్టెలు, ముఖం నిండా నవ్వు.

"అందరికీ దండం! మా నాన్నని చూస్తానికి వచ్చింది కదా మీరు? చాలా మంచిది!"

కొందరు తల తిప్పుకున్నారు. చాప మీద నుంచి ఉదేగో లేవబోయింది. ఆవిడ లేచేలోపు ఒగుగువా తండ్రి గదిలోకి వెళ్ళిపోయింది.

హెడ్‌మాస్టరు మంచం మీద ఉన్నాడు. తెల్లటి బిరుదు అంగీ తొడిగి ఉంది, తల మీద ఎర్రటోపీ, చేతి పక్కన తోలు విసనకర్ర. తను వస్తోందని ఎవరో చెప్పి ఉంటారు, తయారై కూర్చుని కూర్చుని కునుకు తీశాడనుకుంది. పీట లాక్కుని పక్కన కూర్చుంది. కవలలమ్మ నేర్పిన మాటలన్నీ, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ బయటికి తీసింది.

"నాన్నా. నేను వచ్చింది. లే నాన్నా. ఉకమాకా లేదు, ఎవరూ లేదు. నువ్వు, నేను. నువ్వు చెప్పు, ఇప్పుడు నేను వింటుంది. నీకు మెత్త తెచ్చింది. నెమ్మదిగా చెప్పు నాన్నా. చాలా నెమ్మదిగా. నాకు రోజులు చాలా ఉంది."

ఉదేగోతో పాటు గుమ్మంలో చేరిన ఆడవాళ్ళు నోళ్ళకి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. అంత ఇగ్బో ఒక్క గుక్కలో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. జవాబు రాకపోయేసరికి, గొంతు ఎక్కడో జారి మాట మారిపోయిందేమో అనుకుంది. ఒక్కో ముక్కా సరిచూసుకుంటూ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చెప్పి, ఆయన చెయ్యి అందుకుంది.

చల్లగా ఉంది. వేళ్ళు వంగలేదు.

"అత్తా," అంది వెనక్కి తిరక్కుండానే, "ఇంటికెళ్ళాడన్నావు కదా."

"అవును తల్లీ. ఇంటికే వెళ్ళాడు."

ఏ ఇల్లో ఆమెకి అప్పుడు తెలిసింది. ఏడవలేదు. మెత్తని ఒళ్ళో పెట్టుకుని దాని అంచు కుట్టు వేలితో తడుముతూ కూర్చుండిపోయింది. పొద్దున ఫోనులో తానేమందో ఒక్కో మాటే గుర్తొచ్చింది. ఏం తిన్నాడని కూడా అడిగింది. ఇంతమంది విన్నారు. భూమి చీలితే అందులో పడి పోదును కదా అనిపించింది.

వాకిట్లో అనేక్వే లేచి నిలబడ్డాడు. వరసకి హెడ్‌మాస్టరుకి అన్న, వంశంలో అందరికంటే పెద్దవాడు. పొద్దుటి నుంచి లోపల లోపల ఉడుకుతున్నాడు.

"ఈ పిల్లతో పిలిపించడానికి వీల్లేదు. తండ్రి పోయాడంటే పండగ చేసుకుంది. పళ్ళికిలిస్తూ వచ్చి మనకి దండాలు పెట్టింది. ఇంకో ఆడపడుచుని చూడండి."

"దానికి తెలీదన్నా. తెలీక అంది," అంది ఉదేగో గుమ్మంలోంచి.

"తెలీకపోవడానికి చంటిపిల్లా? ఐదు పదులొస్తున్నాయి. తండ్రి చావు కబురు తండ్రి భాషలో తెలుసుకోలేనిది పెద్దకూతురెలా అవుతుందే?"

ఉదేగో ఆ వాకిట్లో ఏనాడూ గొంతెత్తి ఎరగదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఎత్తింది.

"ఎవర్ననుకుని అంటున్నావు ఆ మాట? దాని నోరు కుట్టేసినవాడు లోపల టోపీ పెట్టుకుని పడుకున్నాడు. పో, పోయి ఆయన్నడుగు! ఈ వాకిట్లోనే కదా నన్ను నోరు మూసుకోమన్నాడు, అప్పుడెక్కడున్నావు నువ్వు? 'భేష్ హెడ్‌మాస్టరూ, పిల్ల దొరసానిలా మాట్లాడుతోంది' అని మెచ్చుకుంది నువ్వు కాదూ? నీ మనవలు సెలవులకొస్తే నీతో ఏ భాష మాట్లాడతారు? చెప్పు, ఇంతమందిలో చెప్పు! రేపు నువ్వు ఇంటికెళ్ళావని చెబితే వాళ్ళూ మంచిదనే అంటారు. ఇదన్నా నేర్చుకోబోయింది. రొయ్యల బుట్టల మధ్య కూర్చుని నేర్చుకుంది. నేర్చుకున్న పాపానికి ఇంత మాట పడింది నా తల్లి!"

అనేక్వేకి ఆరుగురు మనవలు. వాళ్ళొస్తే తాత ఒక మూల, పిల్లలు ఒక మూల, మధ్యలో టీవీ మాట్లాడుతుంది. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పెద్దాయన మెల్లగా కుర్చీలోకి దిగాడు. ఒక్కసారిగా బాగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"సరే. పిలవనీ," అన్నాడు.

ఉదేగో మేనకోడలి ఒళ్ళోంచి మెత్త తీసి పక్కన పెట్టింది. నడుముకి నల్లగుడ్డ బిగించి, గది గడప దగ్గరికి నడిపించుకొచ్చింది. వెనక ఆ వంశం ఆడపడుచులు నలభై మంది చేరారు. చుట్టుపక్కల ఊళ్ళకి కోడళ్ళుగా పోయి, పుట్టింటి చావుకి చెప్పులైనా వేసుకోకుండా వచ్చినవాళ్ళు.

"నెమ్మదిగా చెబుతా, విను," అంది ఉదేగో. "ముందు ఏడవకూడదు. ముందు పిలవాలి. మూడుసార్లు. నువ్వేమని పిలిస్తే మేమూ అదే పిలుస్తాం. నీ మాట మేం మార్చం, మార్చకూడదు. పలికితే లేచొస్తాడు. పలక్కపోతే అప్పుడు ఏడుద్దాం. ఆయన బిరుదు పేరు ఒక్వులువోహా. జనం కోసం మాట్లాడేవాడని. ఏదీ, అను."

"ఒక్వు..."

"ఒక్వులువోహా. చివర పైకి లేపు తల్లీ."

ఒగుగువా లోలోపల నాలుగుసార్లు అనుకుంది. నాలుగుసార్లూ ఎవరో పరాయి మనిషి పేరులా వినపడింది. ఆయన ఆ బిరుదు పుచ్చుకున్న రోజు తను రాలేదు, ఆఫీసులో ఏదో సమావేశం. ఆ పేరు గల మనిషిని ఆమె ఒక్క రోజూ చూసి ఎరగదు. గడప మీద నుంచి చూస్తే మంచం మీద ఎర్రటోపీ కింద నాన్న ముఖం కనిపించింది. పిలవాలి. నలభై మంది ఊపిరి బిగబట్టి తన నోటి వంకే చూస్తున్నారు. తెరిచింది. బిరుదు గొంతులోనే ఉండిపోయింది.

"డాడీ!"

వాకిలంతా బిగుసుకుపోయింది. బిరుదు మనిషిని గడప మీద నుంచి ఇంగ్లీషులో పిలవడం ఆ ఊరు పుట్టాక జరగలేదు. అందుకుంటే ఆచారం చెడుతుంది. అందుకోకపోయినా చెడుతుంది. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అనేక్వే తల దించుకున్నాడు.

ఉదేగో అందుకుంది. ఒక్క ఇంగ్లీషు మాట బతుకులో నోట పెట్టని మనిషి, ఆ భాష వల్ల ఈ ఇంట్లో మూగదై తిరిగిన మనిషి, రెండు చేతులూ పైకెత్తి పిలిచింది.

"డాడీ ఓ!"

ఆవిడ వెనక నలభై గొంతులూ లేచాయి. పళ్ళూడిన నోళ్ళు, బొంగురు గొంతులు, చంకన పిల్లలతో వచ్చిన తల్లులు. మాటని మార్చలేదు. ఎత్తుకోవడం మాత్రం తమ పద్ధతిలో ఎత్తుకున్నారు, ముందు పైకి లేపి, చివర కిందికి విడిచి.

రెండోసారి పిలిచింది. రెండోసారీ అందుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ పిలుపు ఒక్క నోటిది. ఈ లోకంలో ఆయన్ని అలా పిలిచేది ఆమె ఒక్కతే. ఎంత కోపంలో ఉన్నా, ఎంత పనిలో ఉన్నా ఆయన దానికి పలికేవాడు. భాషంతా పోయాక కూడా, ఫోనులో ఆ ఒక్క మాట వినగానే అవతలి నుంచి "ఊ" అనేవాడు.

మూడోసారి ఊపిరంతా కూడదీసుకుని పిలిచింది. నలభై మందీ పిలిచారు. పిలిచి, అందరూ ఆగారు. ఆగి వినాలి, ఆచారం అది. వాకిట్లో మగవాళ్ళు కూడా తలెత్తి గది వైపు చూశారు. పసిపిల్లల్ని కూడా నోరు మూయించారు.

ఆయన పలకలేదు.

అప్పుడు ఒగుగువా ఏడ్చింది.